సెప్టెంబర్‌లో ఓడితే కాన్ఫరెన్స్ ప్లేఆఫ్ ఆశలు పోయినట్టేనా?

మీరు రాలీలో ఎంఎస్ చేస్తున్నానని రాశారు. మీ ప్రశ్న అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి, నాకు అర్థమైనంతవరకు ఇది: 2025 సెప్టెంబర్‌లో మీ ల్యాబ్‌లో అందరూ "ఏసీసీ పని అయిపోయింది" అన్నారు. (ఏసీసీ అంటే అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్. కాన్ఫరెన్స్ అంటే ఎక్కువ మ్యాచులు తమలో తామే ఆడుకునే కాలేజీ టీముల కూటమి.) తీరా జనవరి వచ్చేసరికి అదే ఏసీసీలోని మయామీ నేషనల్ ఫైనల్ ఆడింది, ఏసీసీ కప్పు గెలిచిన డ్యూక్ మాత్రం జాతీయ చాంపియన్‌ని తేల్చే 12 టీముల ప్లేఆఫ్ గడప కూడా తొక్కలేదు. మరి మొదట్లో ఓడితే ఆశలు పోయినట్టా కాదా, ఈసారి సీజన్ మొదలయ్యాక దేన్ని చూడాలి?

సూటిగా చెప్తాను. మొదటి వారాల్లో ఓడిన టీమ్‌కి దారి మూసుకుపోదు. మూసుకుపోయేది ఆ కాన్ఫరెన్స్‌కి రావాల్సిన రెండో సీటుకి దారి, అంటే చాంపియన్‌కి వచ్చే సీటు కాక ప్లేఆఫ్‌లో ఇంకో టీమ్‌కి దక్కే సీటుకి. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే ప్రతి సెప్టెంబర్‌లోనూ శవయాత్ర చేస్తారు, డిసెంబర్‌లో నాలిక కరుచుకుంటారు.

నేను కోచ్‌ని కాదు, విలేకరిని కాదు. 2003లో కరోలినా వచ్చాను, అప్పటినుంచి షార్లట్ చుట్టుపక్కలే ఉంటున్నాను. మొదటి మూడేళ్లు ఈ ఆటలో ఎందుకు ఆగుతారో ఎందుకు పరిగెత్తుతారో కూడా తెలియలేదు. తర్వాత పట్టుకుంది, వదల్లేదు. పదిహేనేళ్లుగా మా తెలుగు మిత్రుల మధ్య శనివారం పందేల పట్టిక నేనే నడుపుతున్నాను (డబ్బుల్లేవు, సీజన్ చివర్లో అట్టడుగున ఉన్నవాళ్లు అందరికీ బిర్యానీ పెట్టాలి). కాబట్టి ఈ లెక్కలు ప్రతి వారం చూసే అలవాటుంది.

ముందు ఒక విషయం. మన ఐపీఎల్‌లో అయితే పాయింట్ల పట్టిక ఉంటుంది. 2024లో బెంగళూరు మొదటి 8 మ్యాచుల్లో 7 ఓడి, తర్వాత వరసగా 6 గెలిచి, రన్‌రేట్‌తో చెన్నైని దాటుకుని ప్లేఆఫ్స్‌కి వెళ్లిపోయింది. ఎవరికి నచ్చినా నచ్చకపోయినా పట్టిక పట్టికే. కాలేజీ ఫుట్‌బాల్లో అలా కుదరదు. పై డివిజన్‌లోనే 130కి పైగా టీములు, ఒక్కోదానికి 12 మ్యాచులు, అందులో చాలా టీములు ఒకదాని ముఖం ఒకటి ఎప్పటికీ చూడవు. అందుకని 13 మంది ఉన్న సెలక్షన్ కమిటీ కూర్చుని ర్యాంకులు వేస్తుంది. రంజీ స్కోర్లు చూసి టీమిండియాని ఎంపిక చేసినట్టు అనుకోండి, ఆ తర్వాత జరిగే గొడవలతో సహా.

2024, 2025 రెండు సీజన్లలోనూ 12 సీట్లు పంచిన పద్ధతి ఒకటే. ర్యాంకుల్లో పైనున్న 5 కాన్ఫరెన్స్ చాంపియన్లకి 5 సీట్లు. మిగతా 7 ర్యాంకుని బట్టి ఎవరికైనా. ఈ 7 కోసమే కొట్లాటంతా. 2025లో ఆ ఏడింటిలో నాలుగు ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్స్ తీసుకుపోయింది, రెండు బిగ్ టెన్ అనే ఇంకో కాన్ఫరెన్స్ తీసుకుపోయింది. మిగిలింది ఒక్కటి. ఆ ఒక్కటీ మయామీకి దక్కింది, అదీ ఎలాగో కింద చెప్తాను.

ఇప్పుడు అసలు సంగతి, సెప్టెంబర్ ఎందుకంత ముఖ్యం అన్నది. ఏసీసీలో 17 టీములు. 2025లో ఒక్కో టీమ్ 12 మ్యాచుల్లో 8 సొంత కాన్ఫరెన్స్ వాళ్లతోనే ఆడింది. బయటివాళ్లతో ఆడేవి నాలుగే. అందులో నవంబర్ చివర్లో వచ్చే క్లెమ్సన్–సౌత్ కరోలినా, జార్జియా టెక్–జార్జియా లాంటి పాత పగల మ్యాచులు పక్కన పెడితే, ఎక్కువ భాగం సెప్టెంబర్ దాటకుండానే అయిపోతాయి. అక్టోబర్ నుంచి కాన్ఫరెన్స్ అంటే దీపావళి రాత్రి ఒకే ఇంట్లోవాళ్లు పేకాడుకుంటున్నట్టే. డబ్బు ఈ జేబులోంచి ఆ జేబులోకి వెళ్తుంది గానీ ఇంట్లోకి కొత్త రూపాయి రాదు. ఎవరు గెలిచినా పక్కన ఇంకొకరు ఓడారు, కాన్ఫరెన్స్ మొత్తం లెక్క ఎప్పుడూ సగానికి సగమే. బయటినుంచి సంపాదించుకోవాల్సిందంతా సెప్టెంబర్‌లోనే సంపాదించుకోవాలి. ఆ నెలలో ఎస్‌ఈసీ వాళ్ల చేతిలో చితికిపోతే, తర్వాత మీలో మీరు ఎంత బాగా ఆడుకున్నా కమిటీ "ఎవర్ని గెలిచావు? వాళ్లని ఇంకెవరో ఎప్పుడో చితక్కొట్టారుగా" అంటుంది. ఒక టీమ్ చేసిన అప్పు మిగతా పదహారు టీములూ తీర్చాల్సి వస్తుందన్నమాట.

దీనికి నా సొంత అనుభవం ఒకటి ఉంది. మా బావమరిది క్లెమ్సన్‌లోనే చదివాడు, పిచ్చి. 2024 ఆగస్టు 31న అట్లాంటాలో క్లెమ్సన్–జార్జియా మ్యాచ్‌కి (క్లెమ్సన్ ఏసీసీ, జార్జియా ఎస్‌ఈసీ) ఇద్దరం తెల్లారగట్ల బయల్దేరి వెళ్లాం. మధ్యాహ్నం పన్నెండింటికి ఆట. సగం ఆటకి స్కోరు 6-0, జార్జియాదే పైచేయి గానీ ఫర్వాలేదు, మావాడు లేచి నిలబడి అరుస్తున్నాడు. రెండో సగంలో జార్జియా తొక్కేసింది. చివరికి 34-3. వచ్చేటప్పుడు ఐ-85 మీద నాలుగు గంటలు, కారులో ఒక్క మాట లేదు. ఒడిలో పులిహోర డబ్బా, మూత కూడా తీయలేదు. సౌత్ కరోలినా సరిహద్దు దాటాక నోరు విప్పి "బావా, డిసెంబర్ టికెట్లు అమ్మేస్తా" అన్నాడు. ఏసీసీ ఫైనల్ షార్లట్‌లో జరుగుతుంది కదా, ఎంతో నమ్మకంతో ముందే కొనిపెట్టుకున్నాడు. అదే రోజు ఇంకో ఏసీసీ టీమ్ వర్జీనియా టెక్ వెళ్లి ఎస్‌ఈసీలోని వాండర్‌బిల్ట్ చేతిలో ఓడింది. అంతకు వారం ముందు డబ్లిన్‌లో ఫ్లోరిడా స్టేట్ జార్జియా టెక్ చేతిలో 24-21తో ఓడింది, మళ్లీ సెప్టెంబర్ 2న సొంత ఊళ్లో బోస్టన్ కాలేజీ చేతిలో ఓడి 0-2 (గెలుపులు సున్నా, ఓటములు రెండు) అయింది. ఆ పై శనివారం మీ రాలీ టీమ్ ఎన్‌సీ స్టేట్ షార్లట్‌లోనే ఎస్‌ఈసీలోని టెనెసీ చేతిలో 51-10 తింది. సెప్టెంబర్ 8న మా గ్రూపులో ఏసీసీ గురించి వచ్చిన మెసేజీలు ఇక్కడ రాయదగ్గవి కావు.

టికెట్లు అమ్మనివ్వలేదు నేను. తెలివితేటలేం కాదు, ధర మరీ పడిపోయింది, ఉంచుకుంటే పోయేదేముందని.

నవంబర్ 30 చూడండి. మధ్యాహ్నం క్లెమ్సన్ సొంత మైదానంలో సౌత్ కరోలినా చేతిలో 17-14తో ఓడింది, అది మూడో ఓటమి. మావాడు ఫోన్ ఆఫ్ చేసేశాడు. అదే సాయంత్రం మయామీ సిరక్యూస్‌లో 42-38తో ఓడింది. మయామీ గెలిచి ఉంటే ఫైనల్‌కి వాళ్లు వెళ్లేవాళ్లు, ఓడటంతో క్లెమ్సన్‌కి తలుపు తెరుచుకుంది. ఆ సంగతి మావాడికి రాత్రి నేనే చెప్పాల్సి వచ్చింది. డిసెంబర్ 7 రాత్రి పై అంతస్తులో కూర్చున్నాం. క్లెమ్సన్ 31-14 ఆధిక్యంలో ఉండి, అది కరిగిపోయి, 16 సెకన్లు ఉండగా ఎదుటి టీమ్ ఎస్‌ఎమ్‌యూ 31-31 చేసింది. ఓవర్‌టైమ్ అనుకున్నాం. కికాఫ్ పట్టుకుని ఒకడు మైదానం మధ్యదాకా పరిగెత్తాడు, ఒక్క పాస్ వేశారు, టైమ్ అయిపోతోంది. నోలన్ హౌజర్ అనే మొదటి సంవత్సరం కుర్రాడు, షార్లట్ పక్కన కార్నీలియస్ వాడే, 56 గజాల నుంచి తన్నాడు (దీన్ని ఫీల్డ్ గోల్ అంటారు, కమ్మీల మధ్య నుంచి పోతే మూడు పాయింట్లు). మేం కూర్చున్న చోటు నుంచి బంతి లోపలికి పోయిందో లేదో కనపడలేదు, కింద నారింజ రంగు జనం ఎగిరారు, అప్పుడు తెలిసింది. 34-31. మా బావమరిది ఏడ్చాడు, రాయొద్దన్నాడు, రాస్తున్నాను.

ఈ కథలో మీ ప్రశ్నకి సంబంధించింది ఏమిటంటే, 34-3 ఓటమి క్లెమ్సన్‌ని ఆపలేదు. ఎందుకంటే చాంపియన్ సీటుకి కావాల్సింది కాన్ఫరెన్స్ లోపలి గెలుపులు. జార్జియా చేతిలో ఓటమి ఆ పట్టికలో లేనే లేదు. కానీ ర్యాంకులో మాత్రం అది పనిచేసింది, క్లెమ్సన్ 16వ ర్యాంకుతో 12వ సీడ్‌గా (ప్లేఆఫ్ వరసలో స్థానం), చిట్టచివరి కుర్చీలో కూర్చుంది. ఫైనల్లో ఓడిన ఎస్‌ఎమ్‌యూ 10వ ర్యాంకుతో లోపలికొచ్చింది, మూడు ఓటములున్న అలబామా బయట ఉండిపోయింది. ఎస్‌ఎమ్‌యూ కూడా సెప్టెంబర్‌లో ఓడిందే, బీవైయూ చేతిలో 18-15తో. కానీ ఓడింది మూడు పాయింట్ల తేడాతో, ఓడించింది తర్వాత సీజనంతా బాగా ఆడిన టీమ్. ఓడావా అన్నదానికంటే ఎవరి చేతిలో, ఎంత తేడాతో, ఆ గెలిచినవాడు తర్వాత ఏమయ్యాడు అన్నది పెద్ద ప్రశ్న. (ప్లేఆఫ్ మొదటి రౌండ్‌లో రెండూ చిత్తుగా ఓడాయనుకోండి, క్లెమ్సన్ టెక్సస్ చేతిలో, ఎస్‌ఎమ్‌యూ పెన్ స్టేట్ చేతిలో. అది వేరే బాధ.)

ఇక మీరడిగిన 2025. నిజానికి ఆ ఏడు ఏసీసీ మొదటి వారం అంత చెడ్డగా ఏం లేదు, జనం చూసింది క్లెమ్సన్‌ని, మీ పక్కూరు చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినాని. నాలుగో ర్యాంకుతో మొదలైన క్లెమ్సన్ సొంత మైదానంలో ఎస్‌ఈసీలోని ఎల్‌ఎస్‌యూ చేతిలో 17-10తో ఓడింది. ఆరు సూపర్ బౌల్‌లు (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఫైనళ్లు) గెలిచిన కోచ్ బిల్ బెలిచిక్ నార్త్ కరోలినా తరఫున మొదటి మ్యాచ్‌లోనే బిగ్ 12 అనే కాన్ఫరెన్స్‌లోని టీసీయూ చేతిలో 48-14 తిన్నాడు. దేశమంతా సోమవారం రాత్రి టీవీ ముందు కూర్చుని నవ్వుకుంది. కానీ అదే వారాంతంలో ఫ్లోరిడా స్టేట్ అలబామాని 31-17తో ఓడించింది. మయామీ, ఫుట్‌బాల్లో ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేని నోటర్ డామ్‌ని 27-24తో ఓడించింది, చివరి నిమిషాల్లో కార్టర్ డేవిస్ 47 గజాల ఫీల్డ్ గోల్‌తో.

ఈ రెండు గెలుపుల్లో ఒకటి గంగలో కలిసింది, ఒకటి కాన్ఫరెన్స్ పరువు నిలబెట్టింది.

ఫ్లోరిడా స్టేట్ ఆ తర్వాత కాన్ఫరెన్స్‌లో వరసగా ఓడి 5-7తో ముగించింది. అలబామాని కొట్టామని చెప్పుకోవడానికి ఆ టీమే పోటీలో లేదు. ఇక్కడ నాకు ఒళ్లు మండే సంగతి, 5-7 టీమ్ చేతిలో ఓడిన అలబామా మాత్రం 9వ సీడ్‌గా ప్లేఆఫ్‌కి వెళ్లింది. ఎస్‌ఈసీ వాళ్లకి సెప్టెంబర్ ఓటమి జలుబు లాంటిది, ఏసీసీ వాళ్లకి టైఫాయిడ్. అన్యాయం అనొచ్చు, నేనూ అంటాను, కానీ వాళ్లు తర్వాత రెండు నెలలు గట్టి టీములతో ఆడి ఆ మచ్చ చెరుపుకునే అవకాశం ఉంటుంది, ఏసీసీలో అంత గట్టి టీములు ఉండవు. ఉన్నవాటిలో క్లెమ్సన్ లాంటి పెద్ద పేరు 1-3తో కూలిపోయేసరికి, క్లెమ్సన్‌ని 55 గజాల ఆఖరి తన్నుతో ఓడించిన జార్జియా టెక్ గెలుపు విలువ కూడా రాత్రికి రాత్రి పడిపోయింది. పేకాట అన్నాను కదా, అదే.

నవంబర్ 1 గుర్తుందా? మీ క్యాంపస్‌లో పండగ చేసుకుని ఉంటారు. 8-0తో వచ్చిన జార్జియా టెక్‌ని ఎన్‌సీ స్టేట్ 48-36తో ఓడించింది. అదే రోజు డాలస్‌లో మయామీ ఓవర్‌టైమ్‌లో ఎస్‌ఎమ్‌యూ చేతిలో 26-20తో ఓడింది. (డాలస్‌లో మనవాళ్లు ఇన్ని వేలమంది ఉన్నారు, ఊరి మధ్యలో ఏసీసీ టీమ్ ఉందని సగం మందికి తెలీదు.) ఒకే శనివారం ర్యాంకుల్లో పైనున్న రెండు ఏసీసీ టీములూ సొంత ఇంటివాళ్ల చేతిలోనే పడ్డాయి. మూడు రోజుల తర్వాత కమిటీ మొదటి ర్యాంకులు ఇచ్చింది: నోటర్ డామ్ 10, మయామీ 18. మయామీయే గెలిచిన నోటర్ డామ్, మయామీకంటే ఎనిమిది మెట్లు పైన. మా గ్రూపులో ఆ రాత్రి నేను కూడా "అయిపోయింది" అనే రాశాను, స్క్రీన్‌షాట్లు ఇప్పటికీ పంపుతుంటారు.

తర్వాత జరిగింది చూడండి. సీజన్ చివర మయామీ, డ్యూక్, జార్జియా టెక్, పిట్, ఎస్‌ఎమ్‌యూ ఐదూ 6-2తో సమానం. ఏసీసీ టై-బ్రేకర్ (సమానంగా ఉన్నవాళ్లలో ఒకర్ని తేల్చే నియమం) ఏమంటుందంటే, నువ్వు ఆడిన కాన్ఫరెన్స్ ప్రత్యర్థులు ఎన్ని గెలిచారో లెక్కపెట్టు అంటుంది. ఆ లెక్కలో డ్యూక్ ముందు నిలిచి ఫైనల్‌కి వెళ్లింది, మొత్తం మీద 7-5 ఉన్న డ్యూక్. ఫైనల్లో వర్జీనియాని ఓవర్‌టైమ్‌లో 27-20తో ఓడించి కప్పు ఎత్తుకుంది. 8-5 చాంపియన్! బయటివాళ్లతో ఆడిన మ్యాచుల్లో ఇలినాయ్, టులేన్, యూకాన్ ముగ్గురి చేతిలోనూ ఓడిన చాంపియన్. ర్యాంకుల్లో పైనున్న ఐదుగురు చాంపియన్లలో డ్యూక్ లేదు, చిన్న కాన్ఫరెన్సుల నుంచి టులేన్, జేమ్స్ మాడిసన్ ఇద్దరూ వెళ్లారు. ఆ టులేన్ సెప్టెంబర్ 13న డ్యూక్‌ని 34-27తో ఓడించిన టులేనే. డ్యూక్ క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసిరే ముఖ్య ఆటగాడు) డేరియన్ మెన్సా ఆ ఏడాదే టులేన్ వదిలి డ్యూక్‌కి వచ్చినవాడు, అతను వదిలేసి వచ్చిన టీమ్ ప్లేఆఫ్‌కి వెళ్లింది, అతను కప్పు పట్టుకుని ప్లేఆఫ్ బయటే ఉండిపోయాడు. మొదటి ఓటములు చాంపియన్ సీటుని కూడా తినేసిన అరుదైన సందర్భం ఇది, అందుకే పైన "రెండో సీటు" అని నేను చెప్పిన సూత్రానికి ఇది మినహాయింపు.

మరి మయామీ ఎలా వెళ్లింది? చివరి వారానికి ముందు నోటర్ డామ్ 10, బీవైయూ 11, మయామీ 12. మయామీకి, నోటర్ డామ్‌కి ఇద్దరికీ ఆ వారం మ్యాచే లేదు. బీవైయూ బిగ్ 12 ఫైనల్లో టెక్సస్ టెక్ చేతిలో 34-7తో ఓడి కిందికి జారింది. దాంతో నోటర్ డామ్, మయామీ పక్కపక్కన వచ్చాయి. రెండూ 10-2. పక్కపక్కన వచ్చాక కమిటీ ముందు ఒకే ప్రశ్న మిగిలింది, వీళ్లిద్దరూ ఆడుకున్నారా? ఆడుకున్నారు, ఆగస్టు 31న, 27-24. మయామీ 10వ సీడ్, నోటర్ డామ్ అవుట్. వంద రోజుల కిందటి ఒక 47 గజాల తన్ను. ఆ తర్వాత మయామీ టెక్సస్ ఎ అండ్ ఎం, ఒహాయో స్టేట్, ఓల్ మిస్ మూడింటినీ కొట్టి ఫైనల్లో ఇండియానా చేతిలో 27-21తో ఓడింది, అదీ సొంత స్టేడియంలో.

నోటర్ డామ్ వైపు నుంచి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 2024లో వాళ్లు సెప్టెంబర్‌లో నార్దర్న్ ఇలినాయ్ లాంటి చిన్న టీమ్ చేతిలో సొంత మైదానంలో 16-14తో ఓడారు, సిగ్గుచేటు ఓటమి, అయినా ఫైనల్‌దాకా వెళ్లారు. 2025లో ఓడింది మయామీ, టెక్సస్ ఎ అండ్ ఎం లాంటి గట్టి టీముల చేతిలో, రెండూ కలిపి నాలుగు పాయింట్ల తేడా, తర్వాత పది వరసగా గెలిచారు, అయినా బయటే. ఒక ఓటమికి చోటుంటుంది. రెండో దానికి ఉంటుందో ఉండదో మీ చేతిలో లేదు, పక్కన ఎవరు నిలబడ్డారన్నదాన్ని బట్టి ఉంటుంది.

అసలు ఓడకపోతే చాలా అని అడుగుతారేమో. ప్లేఆఫ్‌లో నాలుగే సీట్లున్న రోజుల్లో, 2023లో, ఫ్లోరిడా స్టేట్ 13-0తో ఏసీసీ గెలిచింది, క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ గాయపడ్డాడని కమిటీ పక్కన పెట్టింది. అప్పుడు లోపలికి వెళ్లిన అలబామా సెప్టెంబర్‌లో టెక్సస్ చేతిలో 34-24తో ఓడిందే. దీని గురించి ఫ్లోరిడా స్టేట్ ఊరు టల్లహాసీలో ఎవరి దగ్గరా ఎత్తకండి.

ఈసారి ఏం చూడాలి అన్నారు కదా. ముందు ఒక మార్పు: 2026 నుంచి ఏసీసీ, బిగ్ 12, బిగ్ టెన్, ఎస్‌ఈసీ చాంపియన్లకి ర్యాంకు ఎంతున్నా సీటు ఖాయం. అంటే డ్యూక్ లాంటి కథ మళ్లీ జరగదు, 8-5 అయినా కప్పు గెలిస్తే లోపలే. నోటర్ డామ్‌కి కూడా మొదటి 12 ర్యాంకుల్లో ఉంటే సీటు ఖాయం చేశారు. దాంతో మిగిలిన సీట్ల మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, అంటే ఏసీసీకి సెప్టెంబర్ విలువ తగ్గదు, రెండో సీటు ఇంకా ఖరీదవుతుంది.

నేనైతే మూడే చూస్తాను. ఏసీసీలో పైకి వస్తాయనుకున్న మూడు నాలుగు టీములు ఎస్‌ఈసీ, బిగ్ టెన్, నోటర్ డామ్‌లతో ఆడే మ్యాచులు. అట్టడుగు టీములు ఎవరి చేతిలో ఓడినా పట్టించుకోను. ఓడితే తేడా ఎంత. పది పాయింట్ల లోపైతే రాత్రి నిద్రపడుతుంది. ఇక అక్టోబర్ చివర్లో, సెప్టెంబర్‌లో మనవాళ్లు గెలిచిన బయటి టీములు ఇప్పుడెలా ఉన్నాయో ఒకసారి చూస్తాను. మా గ్రూపులో ఎవరూ చేయని పని ఇదే, అందుకే బిర్యానీ నేను పెట్టాల్సి రావడం లేదు.

చివరగా, షెడ్యూల్ చూసేటప్పుడు జాగ్రత్త. 2025 సెప్టెంబర్ 6న మీ రాలీలోనే ఎన్‌సీ స్టేట్ వర్జీనియాని 35-31తో ఓడించింది గుర్తుందా, రెండూ ఏసీసీ టీములే. కానీ అది కాన్ఫరెన్స్ మ్యాచ్ కింద పెట్టుకున్నది కాదు, విడిగా ఒప్పుకుని ఆడినది, కాబట్టి ఏసీసీ పట్టికలో ఆ ఓటమి లేదు. వర్జీనియా 7-1తో పట్టికలో పైన నిలిచింది. కమిటీ కాగితం మీద మాత్రం అది ఓటమే. ఇలాంటి మ్యాచ్ మళ్లీ ఎప్పుడైనా కనపడితే ఏ పట్టికలో ఉందో చూసుకుని మీ ల్యాబ్‌లో వాదించండి.